ఐటీ ఉద్యోగుల్లో మనస్తత్వ రకాలు: టెస్ట్ చెప్పేది ఎంత, పని చెప్పేది ఎంత

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆఫీసులో టీమ్ అందరికీ మయర్స్-బ్రిగ్స్ (ఎంబీటీఐ) అనే పర్సనాలిటీ టెస్ట్ పెట్టారు. మీకు ఐఎన్‌టీపీ, అంటే అంతర్ముఖంగా ఉండి తర్కంతో ఆలోచించే టైప్ అని వచ్చింది. ఆ తర్వాత టీమ్ లీడ్ బాధ్యత అడిగితే, "నీ టైప్ వాళ్లు లోతుగా ఆలోచిస్తారు గానీ మనుషుల్ని నడపలేరు" అని మేనేజర్ అన్నారు. అప్పటి నుంచి మీకు టెన్షన్ పట్టుకుంది. ఐటీలో అసలు ఎలాంటి రకాల మనుషులు ఉంటారు, ఏ రకానికి ఏ పని నప్పుతుంది, మీరు లీడ్‌గా పనికొస్తారా అన్నది మీ ప్రశ్న.

నేను డెవలపర్‌గా మొదలుపెట్టి, సపోర్ట్‌లోనూ టెస్టింగ్‌లోనూ పనిచేసి, చాలా ఏళ్లుగా టీమ్‌లు నడుపుతున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఆ నాలుగు అక్షరాలు చూపించి మీకు లీడ్ పని ఇవ్వననడం న్యాయం కాదు. ఆ టెస్ట్‌ను నడిపే సంస్థే దాన్ని ఉద్యోగ ఎంపికకు వాడకూడదని చెబుతుంది. ఎవరికి వాళ్లు తమ ఇష్టాలను అర్థం చేసుకోవడానికి చేసిన టెస్ట్ అది. ఎవరు ఏ పని బాగా చేయగలరో కొలవడానికి చేసింది కాదు.

ఆ టెస్ట్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దానికి ఎంత విలువ ఇవ్వాలో మీరే నిర్ణయించుకోగలరు. కార్ల్ యూంగ్ 1921లో మనస్తత్వ రకాల గురించి ఒక సిద్ధాంతం రాశాడు. అమెరికాలో క్యాథరిన్ కుక్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసాబెల్ బ్రిగ్స్ మయర్స్ ఆ సిద్ధాంతాన్ని ప్రశ్నావళిగా మార్చారు. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాళ్లు కారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొత్తగా పనుల్లోకి వస్తున్న మహిళలకు తమకు నప్పే పని ఏదో తెలియాలన్నది ఇసాబెల్ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. చిక్కంతా కొలిచే తీరులో ఉంది. అంతర్ముఖమా, బహిర్ముఖమా; ఆలోచనా, భావమా అంటూ ప్రతి జతలోనూ మనిషిని ఏదో ఒక వైపు వేసేస్తుంది. నిజానికి ఈ గుణాలన్నీ ఎత్తు లాంటివి. పొడుగు, పొట్టి అని రెండే వరసలు పెడితే, మధ్యలో ఉన్న ఎక్కువమంది ఒక్క అంగుళం తేడాతో అటో ఇటో వెళ్లిపోతారు. అందుకే కొన్ని అధ్యయనాల్లో ఐదు వారాల తర్వాత అదే టెస్ట్ మళ్లీ రాసినవాళ్లలో సగం మంది వరకు వేరే టైప్‌లోకి మారారు. మీ రిపోర్ట్‌లో ఒక్కో అక్షరం పక్కన శాతం ఇచ్చి ఉంటే ఓసారి చూడండి. యాభైకి దగ్గరగా ఉన్న అక్షరాన్ని లెక్కలోకే తీసుకోకండి.

"కానీ రిపోర్ట్ చదివితే అచ్చం నా గురించే రాసినట్టు ఉంది" అని కూడా రాశారు. దానికీ కారణం ఉంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక టెస్ట్ పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు విడిగా ఇస్తున్నట్టు కాగితాలు పంచాడు. మీకు ఇది ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒకటే. "బయటికి ధైర్యంగా కనిపిస్తారు, లోపల మాత్రం సందేహాలు ఉంటాయి" లాంటి వాక్యం చదివి తల ఊపని మనిషి ఉండరు. మీ రిపోర్ట్‌తో పాటు టీమ్‌లో ఇంకో ఇద్దరి రిపోర్ట్‌లు కూడా అడిగి చదవండి. వాటిలోనూ సగం వాక్యాలు మీకు సరిపోతాయి.

అలాగని మనుషుల మధ్య తేడాలే లేవని కాదు. తేడాలు ఉన్నాయి, వాటిని ఇంతకంటే నమ్మకంగా కొలిచే పద్ధతీ ఉంది. పరిశోధకులు ఎక్కువగా వాడేది ఐదు గుణాల నమూనా, బిగ్ ఫైవ్ అంటారు. కొత్తదనం పట్ల ఆసక్తి, పనిలో నిబద్ధత, బహిర్ముఖత్వం, ఇతరులతో సర్దుకుపోయే గుణం, తేలిగ్గా ఆందోళన పడే స్వభావం. ఇందులో టైప్‌లు ఉండవు, ఒక్కో గుణం ఎవరికి ఎంత ఉందన్నదే ఉంటుంది. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసి, రకరకాల వృత్తులన్నిటిలోనూ పనితీరుతో సంబంధం కనిపించిన గుణం నిబద్ధత ఒక్కటేనని తేల్చారు. అదీ మరీ పెద్ద సంబంధం కాదు. బహిర్ముఖత్వం అమ్మకాలు, మేనేజ్‌మెంట్ లాంటి పనుల్లో కొంత కలిసొచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. వయసుతో పాటు ఈ గుణాలు మారతాయి. సగటు మనిషిలో ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య నిబద్ధత పెరుగుతుంది, ఆందోళన తగ్గుతుంది. ఇరవై నాలుగేళ్లప్పుడు వేసిన ముద్రను నలభై ఏళ్లదాకా మోయాల్సిన పని లేదు.

ఇక మన రంగం సంగతికి వద్దాం. ప్రోగ్రామర్ అంటే మూలన కూర్చుని ఎవరితోనూ మాట్లాడని మనిషి అన్న బొమ్మ అందరి మనసుల్లోనూ ఉంది. మీ మేనేజర్ మాట కూడా ఆ బొమ్మలోంచే వచ్చింది. ఈ బొమ్మ మొదటి నుంచీ లేదు. 1940ల మధ్యలో ఎనియాక్ కంప్యూటర్‌ను ప్రోగ్రామ్ చేసిన తొలి ఆరుగురూ మహిళలే. ఆ పని ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, ఇంజనీర్లను అడుగుతూ, తప్పులు కలిసి వెతుకుతూ చేసినది. ఆ తర్వాత ప్రోగ్రామర్ల కొరత వచ్చింది. ఎవర్ని తీసుకోవాలో తెలియక కంపెనీలు ఆప్టిట్యూడ్ టెస్ట్‌లు మొదలుపెట్టాయి. 1960లలో విలియం కానన్, డాలిస్ పెర్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వెయ్యిమందికి పైగా ప్రోగ్రామర్లను పరిశీలించి, వాళ్లకు పజిల్స్ అంటే ఇష్టమనీ, మనుషులంటే అంత ఇష్టం ఉండదనీ రాశారు. వాళ్లు చూసినవాళ్లలో అత్యధికులు మగవాళ్లే. ఆ మాట పట్టుకుని కంపెనీలు అలాంటివాళ్ల కోసమే వెతికాయి. అలాంటివాళ్లనే తీసుకున్నాక ఆఫీసులో అలాంటివాళ్లే కనిపించారు. నియామకం మలిచిన బొమ్మను స్వభావం అనుకున్నారు. ఈ వృత్తి నుంచి ఎంతమంది మంచి పనివాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, ఈ ఒక్క ఊహ బయటికి నెట్టిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అయితే ఆ పరిశోధనల్లో నాకు పనికొచ్చినదీ ఒకటుంది. 1970ల చివర్లో కూగర్, జవాకీ అనే ఇద్దరు కంప్యూటర్ ఉద్యోగులను ఇతర వృత్తులవాళ్లతో పోల్చి చూశారు. మనవాళ్లలో కొత్తవి నేర్చుకోవాలి, ఎదగాలి అనే కోరిక చాలా ఎక్కువగా, పనిలో నలుగురితో కలిసి మెలగాలనే అవసరం తక్కువగా కనిపించింది. ఇక్కడ అవసరం అన్నమాట గమనించండి. ఒక పూటంతా ఎవరితో మాట్లాడకపోయినా వాళ్లకు వెలితి అనిపించదు, అంతే. దాన్నిబట్టి వాళ్లకు మాట్లాడటం రాదని గానీ, మనుషులు గిట్టరని గానీ అనలేం. మేనేజర్లలో చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. కొత్తవి నేర్చుకోవాలనే కోరిక ఎక్కువన్న మొదటి సగాన్ని మాత్రం మర్చిపోతారు. ఇంజనీర్ ఉద్యోగం మానేస్తున్నాడంటే, నేర్చుకోవడం ఆగిపోయి చాలాకాలమైందేమో అని నేను ముందు అడుగుతాను. చాలాసార్లు అదే కారణం అవుతుంది.

నా అనుభవంలో ఐటీ మనుషులను టైప్‌లుగా విడదీయడం కంటే, పనిలో కొన్ని ఘట్టాల్లో ఎవరు ఏం చేస్తారో చూడటం ఎక్కువ ఉపయోగపడింది. సమస్య ఏమిటో ఇంకా స్పష్టంగా లేనప్పుడు, పని చివరికి వచ్చి విసుగు పుట్టేటప్పుడు, ప్రొడక్షన్ (వినియోగదారులు నిజంగా వాడుతున్న సిస్టమ్) పడిపోయినప్పుడు, తన కోడ్‌లో ఎవరైనా తప్పు చూపినప్పుడు. మామూలు రోజుల్లో అందరం దాదాపు ఒకేలా పనిచేస్తాం. ఈ నాలుగు చోట్లే తేడాలు బయటపడతాయి.

సమస్య మసకగా ఉన్నప్పుడు ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. రెండు రోజుల్లో ఒక ప్రోటోటైప్ తెచ్చి చూపిస్తారు. క్లయింట్ అడిగిందేమిటో అప్పుడే అందరికీ అర్థమవుతుంది. అదే మనిషి ఎర్రర్ మెసేజ్‌లు, లాగ్స్, పాత డేటా మైగ్రేషన్ దగ్గరికి వచ్చేసరికి మనసు పెట్టలేడు. ఇంకొకరు ఉంటారు. ఖాళీ కాగితం చూస్తే బెదురుతారు, సగం అయిన పని చేతికిస్తే మాత్రం దాని అంతు చూసేదాకా వదలరు. ముగించేవాళ్లకు మన రంగంలో రావాల్సినంత పేరు రాదు. డెమో ఇచ్చినవాడు అందరికీ గుర్తుంటాడు. ఆ డెమోను మూడేళ్లు నడిచే సిస్టమ్‌గా మార్చిన మనిషి పేరు రిలీజ్ నోట్స్‌లో కూడా ఉండదు. నేను టీమ్ కూర్చేటప్పుడు ముగించేవాళ్లు ఎవరున్నారో ముందు చూసుకుంటాను. మొదలుపెట్టేవాళ్లు ఎలాగూ దొరుకుతారు.

లోతుగా తవ్వేవాళ్ల గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ ప్రశ్న చదివితే మీరు ఆ కోవకు చెందినవారిలాగే ఉన్నారు. ఒక మెమరీ లీక్ (ప్రోగ్రామ్ వాడిన మెమరీని వదలకపోవడం) వెనక పడితే రెండు రోజులు కనిపించరు, తిరిగి వచ్చేటప్పుడు అసలు కారణంతో వస్తారు. వాళ్లతో వచ్చే చిక్కు ఒక్కటే. తవ్వుతూ తవ్వుతూ అడిగిన ప్రశ్న వదిలేసి అంతకంటే ఆసక్తికరమైన ఇంకో ప్రశ్నకు జవాబు పట్టుకొస్తారు. దానికి స్వభావం మార్చుకోనక్కర్లేదు. రోజులో ఒకసారి, ఇంతవరకు తెలిసింది ఇది, ఇప్పుడు ఇటు వెళ్తున్నాను అని రెండు లైన్లు రాసి పెడితే సరిపోతుంది.

నాకు బాగా ఇష్టమైనవాళ్లు సందేహించేవాళ్లు. మంచి టెస్టర్లలో ఎక్కువమంది వీళ్లే, డెవలపర్లలోనూ ఉంటారు. "బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోతుందా?" "నెట్‌వర్క్ మధ్యలో తెగితే రికార్డ్ సగంలో ఆగుతుందా?" "ఫిబ్రవరి 29న ఈ లెక్క ఏమవుతుంది?" మిగతావాళ్లంతా ప్లాన్ బాగుందని సంతోషపడుతుంటే వీళ్లు ఇలాంటివి అడుగుతారు. చాలా టీమ్‌లలో వీళ్లకు నెగటివ్ అనే పేరు పడుతుంది. అప్రైజల్‌లో "దృక్పథం మార్చుకోవాలి" అని రాసినవీ చూశాను. ఆ తర్వాత వాళ్లు అడగడం మానేస్తారు. ఆరు నెలలకు ప్రొడక్షన్‌లో బగ్‌లు పెరుగుతాయి. ఈ రెండిటినీ ఎవరూ కలిపి చూడరు.

సందేహించేవాళ్ల విలువంతా వాళ్లను ఎప్పుడు అడుగుతామన్న దాని మీద ఉంది. డిజైన్ ఇంకా కాగితం మీద ఉన్నప్పుడు అడిగితే ఒక్కో ప్రశ్నా పని తగ్గిస్తుంది. రిలీజ్‌కు ముందు రాత్రి అడిగితే అదే ప్రశ్న గొడవవుతుంది. అందుకని నా టీమ్‌లో డిజైన్ చర్చ మొదట్లోనే "ఇది ఎలా చెడిపోతుందో చెప్పండి" అంటూ వాళ్లకు విడిగా సమయం ఇస్తాం. వాళ్లకు ఇంకో సాయం కూడా కావాలి. పైకి కనిపించదు గానీ ఇలాంటి మనుషులు ఆందోళనను ఇంటికి మోసుకెళ్తారు. శుక్రవారం డిప్లాయ్ చేస్తే, అంటే కొత్త కోడ్‌ను వాడకంలోకి పెడితే, శని, ఆదివారాలు మనసంతా అక్కడే ఉంటుంది. వాళ్లు చెప్పిన ప్రతి రిస్క్‌నీ రాసి, దీన్ని సరిచేస్తున్నాం, దీన్ని తెలిసే వదిలేస్తున్నాం, ఈ నిర్ణయం ఫలానా వాళ్లది అని పేరు పెట్టాలి. భారం ఒక్కరి మీద నుంచి దిగుతుంది. ఇది మంచి ఇంజనీరింగ్ కూడా.

ఇక ప్రొడక్షన్ పడిపోయినప్పుడు. మనుషుల గురించి నేను ఎక్కువ నేర్చుకున్నది ఆన్‌కాల్ (పిలిస్తే వెంటనే స్పందించాల్సిన డ్యూటీ) రాత్రుల్లోనే. ఫోన్లు మోగుతుంటాయి, కాల్‌లో ఇరవై మంది ఉంటారు, పైవాళ్లు ఐదు నిమిషాలకోసారి "ఎంతసేపు పడుతుంది" అని అడుగుతుంటారు. అప్పుడు కొందరి చేతులు వేగం పెంచుతాయి. ఒకేసారి కాన్ఫిగరేషన్ మార్చి, సర్వర్ రీస్టార్ట్ చేసి, ఒక ప్యాచ్ కూడా పెట్టేస్తారు. సిస్టమ్ లేస్తుంది, దేనివల్ల లేచిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంకొందరు ఆ గోలలో నెమ్మదిస్తారు. "చివరగా ఏం మారింది?" అని ఒక్క ప్రశ్న అడుగుతారు, ముందు రోల్‌బ్యాక్ చేయించి పాత వెర్షన్‌కు తెస్తారు, కారణం తెల్లారాక వెతుకుదాం అంటారు. మామూలు మీటింగుల్లో గొంతు వినిపించనివాళ్లు ఆ రాత్రి కాల్‌ను తమ చేతుల్లోకి తీసుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఏ టెస్ట్ రిపోర్ట్ చదివీ ఆ మాట ముందుగా చెప్పలేకపోయేవాళ్లం.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, కొంచెం వివరంగా చెప్తాను. మంట ఆర్పేవాళ్లు అందరికీ కనిపిస్తారు, మంట రాకుండా చూసినవాళ్లు ఎవరికీ కనిపించరు. అర్ధరాత్రి సిస్టమ్ లేపిన మనిషికి మెచ్చుకుంటూ మెయిల్ వస్తుంది, ఆ నెల అవార్డూ వస్తుంది. మూడు నెలల కిందట టైమవుట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు) సరిగ్గా పెట్టి అలాంటి పది రాత్రులను రాకుండా చేసిన మనిషికి ఏమీ రాదు. కొన్నేళ్లు ఇలా సాగితే టీమ్‌లో ఒక హీరో తయారవుతాడు. సిస్టమ్ గురించిన జ్ఞానమంతా అతని తలలోనే ఉంటుంది. డాక్యుమెంట్ రాయడు, ఇంకొకరికి నేర్పడు. లీవ్ పెట్టినా ఫోన్ వస్తుంది. "అతనిది అలాంటి పర్సనాలిటీ" అంటారు. అతన్ని అలా తయారుచేసింది మనం ఇచ్చిన మెప్పు. నా టీమ్‌లో ఇలాంటి పరిస్థితి వచ్చినప్పుడు ఒక పద్ధతి పెట్టాం. సమస్య తీరాక ఎవరినీ నిందించకుండా జరిగింది జరిగినట్టు రాయాలి. ఆ రాసే పని సమస్య తీర్చిన మనిషి కాకుండా అతని పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి చేయాలి. మంట రాకుండా చేసిన మార్పులకు అప్రైజల్‌లో విడిగా చోటిచ్చాం. ఏడాది తిరిగేసరికి ఆ "హీరో" జూనియర్లకు నేర్పడంలో అందరికంటే ముందున్నాడు. మనిషి అదే మనిషి. మెచ్చుకునే పని మారింది.

కోడ్ రివ్యూలో, అంటే ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు పరిశీలించేటప్పుడు, కూడా ఇలాంటిదే జరుగుతుంది. తన కోడ్‌ను తప్పుపడితే తననే తప్పుపట్టినట్టు బాధపడేవాళ్లు ఉంటారు. 1971లోనే జెరాల్డ్ వైన్‌బర్గ్ దీని గురించి రాస్తూ, ప్రోగ్రామ్‌ను రాసినవాడి సొంత ఆస్తిగా కాకుండా టీమ్ మొత్తానిదిగా చూడాలని చెప్పాడు. అహం పక్కన పెట్టి చేసే ప్రోగ్రామింగ్ అన్నాడు దాన్ని. నేను గమనించినంతలో ఎంత సున్నితమైన మనిషైనా, రివ్యూ చేసే సీనియర్ తన కోడ్‌ను కూడా అదే రివ్యూకి పెట్టి, వచ్చిన తప్పులు మామూలుగా దిద్దుకుంటే, రెండు మూడు నెలల్లో కుదుటపడతాడు. ఎవరి కోడ్‌ను ఎవరూ ముట్టుకోని టీమ్‌లో గట్టి మనిషి కూడా సున్నితంగా మారతాడు.

కలిపేవాళ్లు అని ఇంకో రకం ఉంటారు. ఏ టీమ్‌లో ఎవర్ని అడగాలో వాళ్లకు తెలుసు. క్లయింట్ చెప్పేదాన్ని టికెట్‌గా, అంటే చేయాల్సిన పనిగా, రాయగలరు, కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం తోడుంటారు. వీళ్లు లేకపోతే పని సగానికి సగం ఆగిపోతుంది. కోడ్ లెక్కలో మాత్రం వీళ్ల పని కనిపించదు. ఈ పని అడగకుండానే మహిళల మీద పడటం, ప్రమోషన్ దగ్గర "టెక్నికల్‌గా తక్కువ చేశారు" అనడం చాలా చోట్ల చూశాను. ఆ పని చేయించుకున్నప్పుడు దాన్ని పనిగా లెక్కించాలి. లేదా అందరికీ వంతులవారీగా పంచాలి.

మరి ఈ రకాలను సరైన పాళ్లలో కలిపితే మంచి టీమ్ వస్తుందా? నేనూ ఒకప్పుడు అలాగే వస్తుందనుకునేవాణ్ని. పరిశోధనలు మాత్రం అంత గట్టిగా చెప్పడం లేదు. 2010లో హాన్నే, మరికొందరు పరిశోధకులు మూడు దేశాలకు చెందిన 196 మంది వృత్తి ప్రోగ్రామర్లను జతలుగా పనిచేయించి చూశారు. ఎవరి స్వభావం ఏమిటన్న దానికంటే వాళ్ల నైపుణ్యం, పని ఎంత క్లిష్టమైనదన్నదే ఫలితాన్ని ఎక్కువగా ప్రభావితం చేసింది. గూగుల్ కూడా 2012లో ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అనే పేరుతో తన 180 టీమ్‌లను పరిశీలించింది. టీమ్‌లో ఎవరెవరు ఉన్నారన్న దానికంటే వాళ్లు ఒకరితో ఒకరు ఎలా మెలుగుతున్నారన్నదే ముఖ్యమని తేలింది. అన్నిటికంటే ముందు నిలిచింది, భయం లేకుండా "నాకు తెలియదు", "నేను తప్పు చేశాను" అని చెప్పగలిగే వాతావరణం.

ఈ మాట ఎంత నిజమో నాకు ఒక సహోద్యోగిని చూశాక అర్థమైంది. పాత టీమ్‌లో అతనికి మౌనమని పేరు. అక్కడి లీడ్ ఎవరు ప్రశ్న అడిగినా "ఇది కూడా తెలియదా" అనేవాడట. మా దగ్గరికి వచ్చాక కొన్నాళ్లు అలాగే ఉన్నాడు. అమెజాన్‌లో మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా డాక్యుమెంట్ చదివే పద్ధతి ఒకటుంది. దాన్ని మేమూ మొదలుపెట్టాం. ముందు కొంతసేపు చదవడం, పక్కన కామెంట్లు రాయడం, తర్వాతే మాట్లాడటం. మొదటి వారమే అందరికంటే పదునైన కామెంట్లు అతనివి. నెల తిరిగేసరికి రాసింది చాలక నోటితోనూ వాదించడం మొదలుపెట్టాడు. మొదటి రోజే టెస్ట్ పెట్టి ఫలితం ఫైల్లో పెట్టేసుకుని ఉంటే మేం అతనికి ఏ పనులు ఇవ్వకుండా ఆపేవాళ్లమో ఆలోచించండి.

ఇప్పుడు మీ లీడ్ సంగతి. అంతర్ముఖులు మనుషుల్ని నడపలేరన్న మాటకు ఎదురుగా ఒక మంచి అధ్యయనం ఉంది. 2011లో ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో, డేవిడ్ హాఫ్‌మన్ ఒక చెయిన్‌కు చెందిన దుకాణాలను పరిశీలించారు. చెప్పింది చేసుకుపోయే సిబ్బంది ఉన్నచోట బహిర్ముఖులైన మేనేజర్లకు మంచి లాభాలు వచ్చాయి. సొంతంగా ఆలోచించి, కొత్త పద్ధతులు సూచించే సిబ్బంది ఉన్నచోట అంతర్ముఖులైన మేనేజర్లే మెరుగ్గా ఉన్నారు. వాళ్లు సిబ్బంది మాట విన్నారు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఏ రకం సిబ్బంది ఎక్కువో మీకు తెలుసు.

అయితే మిమ్మల్ని ఊరికే పొగిడి పంపించడం నాకు ఇష్టం లేదు. లీడ్ పనిలో కొన్ని భాగాలు లోతుగా ఆలోచించేవాళ్లకు నిజంగా కష్టం. మీరు ఒక గంటలో చేసే పనిని ఇంకొకరు ఒక రోజు చేస్తుంటే చూస్తూ ఆగాలి. అన్నిటికంటే కష్టం ఇదే. సగం తెలిసిన దశలోనే "రిలీజ్ వారం ఆలస్యమయ్యేలా ఉంది" అని పైవాళ్లకు చెప్పాలి, పూర్తిగా తేలేదాకా ఆగకూడదు. బాగా పనిచేయని మనిషికి ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పాలి. రోజంతా ముక్కలు ముక్కలుగా అయిపోతుంది, రెండు గంటలు ఏకధాటిగా ఒక సమస్య మీద కూర్చోవడం దొరకదు. వీటిలో ఏదీ పుట్టుకతో రాదు, అన్నీ నేర్చుకునేవే. కానీ నేర్చుకునే రోజుల్లో సాయంత్రానికి మీకు బహిర్ముఖులకంటే ఎక్కువ అలసట వస్తుంది. ఆ అలసటను చూసి "ఈ పని నాకు చేతకాదు" అనుకోకండి. మీటింగులు వరసగా పెట్టుకోకుండా మధ్యలో ఖాళీ ఉంచుకోండి. ఒకరితో ఒకరు మాట్లాడే మీటింగులు మీకు బాగా కుదురుతాయి, వాటి మీద ఎక్కువ ఆధారపడండి. పదిమంది ముందు చెప్పాల్సిన విషయాన్ని ముందే రాసి పంపండి.

మేనేజర్ దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు టెస్ట్ మంచిదా చెడ్డదా అనే వాదన పెట్టుకోవద్దు. అది ఎటూ తేలదు. "లీడ్ పనిలో ఏ భాగం నేను చేయలేనని మీకు అనిపిస్తోంది?" అని అడగండి. జవాబు స్పష్టంగా వస్తే, క్లయింట్‌తో మాట్లాడటమో, పని పంచడమో, ఏదో ఒకటి చెబుతారు. ఆ ఒక్క భాగాన్ని వచ్చే చిన్న రిలీజ్‌లో మీకు అప్పగించమనండి. పని పంచడం, రోజువారీ స్టాండప్ (చిన్న మీటింగ్) నడపడం, ఆలస్యాలు ముందే చెప్పడం, ఇద్దరు జూనియర్ల కోడ్ రివ్యూ చూడటం, ఇవన్నీ ఆ చిన్న రిలీజ్‌లో వస్తాయి. దేన్ని చూసి బాగా జరిగిందో లేదో నిర్ణయిస్తారో మొదలుపెట్టేముందే ఇద్దరూ రాసుకోండి. జవాబు స్పష్టంగా రాకుండా మళ్లీ టైప్ దగ్గరికే వస్తే, ఆ టెస్ట్ ఫలితం మీ ఉద్యోగ రికార్డులో ఉంచారా అని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఉంచితే, ఉద్యోగ ఎంపికకు దాన్ని వాడకూడదని ఆ టెస్ట్ నిబంధనలు చూపించి తీసేయమని కోరండి. మర్యాదగానే అడగవచ్చు, అడగడం మీ హక్కు.

ఆ రిలీజ్ అయ్యాక మీకే ఒక విషయం తెలుస్తుంది. జూనియర్ తన తప్పు తానే కనుక్కున్నప్పుడు, మీరు కనుక్కున్నంత సంతోషం మీకు కలిగితే లీడ్ దారిలో వెళ్లండి. కలగకపోతే దాన్ని ఓటమిగా తీసుకోవద్దు. చాలా కంపెనీల్లో సీనియర్, స్టాఫ్, ప్రిన్సిపల్ ఇంజనీర్ అంటూ మనుషుల్ని నడపనక్కర్లేని దారి విడిగా ఉంది, హోదాలోనూ జీతంలోనూ మేనేజర్లతో సమానంగా. మీ కంపెనీలో ఆ దారి ఉందో లేదో, ఉంటే పై మెట్ల దాకా నిజంగా ఎవరైనా వెళ్లారో లేదో లీడ్ పని ఒప్పుకునేముందే కనుక్కోండి. కాగితం మీద మాత్రమే ఉంటే ఆ సంగతి కూడా మీ నిర్ణయంలో లెక్కలోకి తీసుకోవాలి.